పక్షవాతం తర్వాత నడక: బయోఫీడ్‌బ్యాక్ ఎంతవరకు?

2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాది పొడుగునా ఎవరు పోయినా, ఎందుకు పోయారో ఇంటికి వెళ్ళి అడిగి రాసుకున్నారు పరిశోధకులు. జనాభా సుమారు లక్షా ఎనభై వేలు, మరణాలు 1,354. పల్లెటూళ్ళలో జనాన్ని ఎక్కువగా తీసుకుపోయేవి జ్వరాలు, విరేచనాలు, క్షయ అని పట్నాల్లో ఇంకా అనుకుంటున్న రోజులవి. తీరా లెక్క తేలాక చూస్తే గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం. అందులో గుండెజబ్బుకీ పక్షవాతానికీ ఇంచుమించు సమాన వాటా. 2006లో ఈ లెక్కలు అచ్చయినప్పుడు ఆశ్చర్యపోయింది బయటివాళ్ళే. ఈ జిల్లాల్లో బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్ళూ, నాలుగు రోజులు వేసుకుని ‘తగ్గింది కదా’ అని మానేసినవాళ్ళూ లేని వీధి అప్పటికే లేదు.

యానాం పుదుచ్చేరి లెక్కల్లోకి పోతుంది కాబట్టి అక్కడి కనకాలపేట ఆ సర్వేలోకి రాదు. అయితే జబ్బుకి సరిహద్దు తెలియదు. గౌతమికి అటూ ఇటూ తినే తిండీ, ఒంట్లోని బీపీ, షుగరూ ఒకటే. పైగా మరణాల పట్టికలో బతికి బయటపడ్డవాళ్ళు ఉండరు. కాలూ చెయ్యీ పడిపోయి, ఆసుపత్రిలో వారం పది రోజులుండి, ఇంటికొచ్చి అరుగు మీద కుర్చీలో కూర్చున్న మనిషి ఏ పట్టికలోనూ కనిపించడు. ఇంట్లోవాళ్ళు మాత్రం డాక్టర్ని మొదట అడిగేది ఒకటే: ‘మళ్ళీ నడుస్తారాండీ?’

దానికి జవాబు కొంత ఊరటనిచ్చేదే. కోపెన్‌హాగెన్‌లో 800 మందికి పైగా రోగులను చూసి 1995లో చెప్పిన లెక్క ప్రకారం, పునరావాస చికిత్స ముగిసేసరికి బతికినవాళ్ళలో 64 శాతం ఎవరి సాయమూ లేకుండా నడిచారు. ఇంకో 14 శాతం సాయంతో నడిచారు. నడకలో రాగల మెరుగు చాలావరకు మొదటి 11 వారాల్లోనే వచ్చేసింది. కాబట్టి ‘నడుస్తారా’ అన్నది సగం ప్రశ్నే. ఎలా నడుస్తారు, ఎంత వేగంతో, వీధి మలుపు దాకానా, మంచం నుంచి బాత్రూమ్ దాకానా అన్నది మిగతా సగం. బయోఫీడ్‌బ్యాక్ అనే పద్ధతికి ఏమైనా పనుంటే అది ఈ రెండో సగంలోనే.

పక్షవాతం వచ్చిన కాలు బలం లేక మాత్రమే ఇబ్బంది పెట్టదు. అడుగు వేసేటప్పుడు పాదం ముందుభాగం పైకి లేవదు, వేళ్ళు నేలకి రాసుకుంటాయి. అందుకని మనిషి తుంటిని ఎత్తి, కాలిని పక్కనుంచి అర్ధచంద్రంలా తిప్పి ముందు పెడతాడు. పిక్క బిగుసుకుపోయి మడమకంటే ముందు వేళ్ళే నేలను తాకుతాయి. బరువు పడగానే మోకాలు వెనక్కి విరుచుకున్నట్టు పోతుంది. ఆ కాలి మీద నమ్మకం లేక, ఒంటి బరువంతా మంచి కాలి మీదకే వెళ్ళిపోతుంది. హవాయి చెప్పు వేస్తే రెండడుగుల్లో ఊడి వెనక పడుతుంది. పడినట్టు కూడా ఆ మనిషికి తెలియదు.

ఆ తెలియకపోవడమే ఇక్కడ కీలకం. మామూలు మనిషికి పాదం ఎక్కడుందో, మడమ ఎంత వంగిందో, ఏ కాలి మీద ఎంత బరువుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. పక్షవాతంలో చాలామందికి ఆ కబురు మెదడుకు చేరదు, చేరినా వక్రంగా చేరుతుంది. ఒక పక్కకి ఒరిగి నిలబడ్డ మనిషి నిటారుగానే ఉన్నానని ఒట్టేసి చెబుతాడు. వరద రోజుల్లో గోదావరి ఎర్రబారి అడుగు కనపడనప్పుడు పడవవాడు గడ దించి లోతు చూసుకుంటాడు. బయోఫీడ్‌బ్యాక్ అలాంటి గడ. ఒంట్లో జరుగుతున్నది ఒంటికే తెలియనప్పుడు, దాన్ని బయటి నుంచి కొలిచి, అప్పటికప్పుడు చూపులోకో చెవిలోకో పంపడం.

దగ్గరగా చూస్తే అది ఇలా ఉంటుంది. మోకాలి కింద, కాలి ముందెముకకు బయటి పక్కన పాదాన్ని పైకెత్తే కండరం ఉంది. ఫిజియోథెరపిస్టు అక్కడి చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, వెంట్రుకలు ఎక్కువగా ఉంటే గొరిగి, రూపాయి బిళ్ళంత ఎలక్ట్రోడ్లు రెండు అంటిస్తాడు. కండరం పని చేయబోయేటప్పుడు పుట్టే విద్యుత్తు చాలా చిన్నది, మైక్రోవోల్టుల్లో కొలిచేది. యంత్రం దాన్ని పెంచి తెర మీద గీతగానో, బీప్ శబ్దంగానో మారుస్తుంది. ‘పెద్దమ్మగారూ, మడమ నేల మీదే ఉంచి వేళ్ళు పైకి లాగండి’ అంటాడు. పాదం కదలదు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటుంది. కాని తెర మీద గీత కొద్దిగా లేచింది. ‘చూశారా, వస్తోంది. ఇంకోసారి లాగండి.’ పాదం ఇంకా కదలక ముందే, కండరంలో ప్రాణం ఉందన్న సంగతి ఆవిడకి కంటితో కనబడింది. పిక్క అతిగా బిగుసుకుంటుంటే ఇదే యంత్రాన్ని తిరగేసి వాడతారు: గీత కిందికి దిగాలి, శబ్దం ఆగాలి. గీత ఎంత ఎత్తు దాటితే శబ్దం రావాలో థెరపిస్టే ముందుగా పెడతాడు. రోజురోజుకీ ఆ హద్దు కొంచెం జరుగుతుంది. ఆ హద్దును ఎప్పుడు ఎంత జరపాలో తెలియడంలోనే సగం నైపుణ్యం ఉంది. మరీ తేలికైతే మనిషి శ్రద్ధ పోతుంది, మరీ కష్టమైతే విసుగొచ్చి వదిలేస్తాడు.

కండరంలోని విద్యుత్తును ఇలా కొలిచే ఈఎంజీ ఒక్కటే కాదు. చీలమండకో మోకాలికో కోణం కొలిచే పట్టీ కట్టి, మోకాలు వెనక్కి పోగానే శబ్దం వచ్చేలా చేసేవి ఉన్నాయి. చెప్పులో ఒత్తిడి పసిగట్టే అట్టలు ఉన్నాయి. రెండు కాళ్ళ మీద బరువెంతో తెర మీద చూపించే బల్లలు ఉన్నాయి. ట్రెడ్‌మిల్ మీద నడుస్తుంటే అడుగుల పొడవును గీతలుగా ఎదురుగా చూపేవీ వచ్చాయి.

ఈ ఆలోచనకు ఊపు తెచ్చినవాళ్ళలో జాన్ బస్మాజియన్ ముందుంటాడు. ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టి కెనడాలో పెరిగిన శరీరశాస్త్రవేత్త. మనిషి తన కండరంలోని ఒక్కొక్క నాడీ విభాగాన్ని, శబ్దం వింటూ, ఇష్టప్రకారం ఆడించగలడని 1963లో ‘సైన్స్’ పత్రికలో చూపించాడు. 1975లో ఆయనా మరి ముగ్గురూ (వాళ్ళలో నారాయణ్ అనే భారతీయ పేరు కూడా ఉంది) పక్షవాతంతో పాదం వేలాడిపోయిన 20 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు 40 నిమిషాల వ్యాయామం. రెండో జట్టుకు 20 నిమిషాల వ్యాయామం, 20 నిమిషాల బయోఫీడ్‌బ్యాక్. వారానికి మూడుసార్లు, ఐదు వారాలు. రెండో జట్టులో బలం, పాదం కదిలే మేర మొదటి జట్టుకు దాదాపు రెట్టింపు పెరిగాయి.

జట్టుకు పదిమంది. ఆ పదిమంది మీద కట్టిన మేడే చాలాకాలం నిలిచింది. తర్వాత వచ్చిన ప్రయోగాలూ దాదాపు అంతే చిన్నవి. అందుకే వాటన్నిటినీ కలిపి తూచబోయిన సమీక్షలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 1990లలోనే ఒకరు లాభం ఉందన్నారు, ఇంకొకరు లేదన్నారు. 2007 నాటి కాక్రేన్ సమీక్ష 13 ప్రయోగాలు, 269 మందిని కలిపి చూసి, విడివిడిగా కొన్నిటిలో మేలు కనిపిస్తున్నా అన్నీ కలిపితే ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ వల్ల స్పష్టమైన లాభం తేలలేదంది. సిడ్నీ పరిశోధకులు 2011లో 22 ప్రయోగాలు, 591 మందితోనూ, 2017లో మళ్ళీ వడపోసి 18 ప్రయోగాలు, 429 మందితోనూ చూశారు. మామూలు చికిత్సకంటే బయోఫీడ్‌బ్యాక్ మేలని, ఆ మేలు గణాంక భాషలో 0.5 దరిదాపుల్లో ఉందని తేల్చారు. వైద్యంలో దాన్ని మధ్యస్థ ప్రభావం అంటారు. అమెరికా హార్ట్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు మాత్రం నడక శిక్షణలో ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ ఫలితం అనిశ్చితమనే రాశాయి.

ఇన్ని తీర్పులు చదివి తల పట్టుకునేవాళ్ళకి నాకు కనిపించే జవాబు ఇది. కాక్రేన్ చూసింది ఒక్క ఈఎంజీని, అదీ చెయ్యీ కాలూ కలిపి. సిడ్నీవాళ్ళు చూసింది కాళ్ళతో చేసే పనులను, అంటే లేవడం, నిలబడడం, నడవడం. అదీ బరువు, కోణం, ఈఎంజీ ఏదైనా సరే. అడిగిన ప్రశ్నలే వేరు. కండరంలో విద్యుత్తు పెరిగిందా అని చూస్తే ఒక జవాబు, మనిషి పని చేయగలుగుతున్నాడా అని చూస్తే ఇంకో జవాబు. యంత్రం ఏం కొలుస్తోందన్నదానికంటే, ఏ పని చేస్తుండగా కొలుస్తోందన్నది ముఖ్యం.

దీనికి బలమైన సాక్ష్యం 1989లో వచ్చింది. కెరొలీ విన్‌స్టీన్, ఆమె సహచరులు రెండు కాళ్ళ మీద సమంగా బరువు వేసి నిలబడడాన్ని తెర సాయంతో నేర్పించారు. నిలబడడం బాగుపడింది. నడకలోని కుంటు మాత్రం అలాగే ఉంది. నిలబడడం నేర్పితే నిలబడడమే వచ్చింది! 2004లో బరువు బల్లల మీద వచ్చిన కాక్రేన్ సమీక్ష కూడా ఇంచుమించు ఇదే చెప్పింది: ఏడు ప్రయోగాలు, 246 మంది, నిలబడ్డప్పుడు సమతూకం మెరుగైంది గాని, రోజువారీ పనుల్లో తూలకుండా ఉండే శక్తి పెరిగినట్టు కొలతల్లో తేలలేదు. అయినా చాలా క్లినిక్కుల్లో బయోఫీడ్‌బ్యాక్ అంటే ఇవాళ్టికీ కుర్చీలో కూర్చోబెట్టి పాదం ఎత్తించడమో, బల్ల మీద నిలబెట్టి తెర చూపించడమో. రోగికి వినోదంగా ఉంటుంది, బిల్లులో ఒక వరుస పెరుగుతుంది. నడక దగ్గరికి వచ్చేసరికి తేడా కనిపించదు.

నడుస్తుండగా ఇచ్చినప్పుడు కథ మారింది. 1990లో 37 మందితో చేసిన ఒక ప్రయోగంలో, ఉత్త ఈఎంజీ శబ్దంకంటే, చీలమండ కదలికను లయతో కలిపి ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ నడక వేగాన్ని ఎక్కువ పెంచింది. 2010లో మిలాన్‌లో యోహన్నా యోన్స్‌దోత్తిర్ బృందం, జబ్బు వచ్చి చాలాకాలమైన 20 మందిని తీసుకుంది. పాదం ఎత్తడం గురించి కాక, అడుగు చివర పిక్క నేలను వెనక్కి తన్నే క్షణం గురించి శబ్దం వినిపించింది. అదీ నడుస్తుండగానే. 20 సిట్టింగులు, శబ్దాన్ని క్రమంగా తగ్గించుకుంటూ. తన్నే శక్తి పెరిగింది, వేగం పెరిగింది, ఆరు వారాల తర్వాత కూడా నిలిచింది. వేలాడే పాదం కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే. ముందుకు తోసే బలం పిక్కలో ఉందని, అక్కడ కూడా కబురు అందాలని ఈ ప్రయోగం చూపింది.

‘క్రమంగా తగ్గించుకుంటూ’ అన్న మాట తేలిగ్గా దాటేసేది కాదు. శబ్దం వచ్చినంతసేపూ బాగా నడిచి, యంత్రం తీసేయగానే మొదటికొచ్చేవాళ్ళు ఎందరో. సల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లోనే దీనికి కారణం వివరించారు: ప్రతి అడుగుకీ బయటి నుంచి కబురు వస్తుంటే, లోపలి కబురు వినే ప్రయత్నమే మనిషి మానేస్తాడు. కాబట్టి మొదట ప్రతి అడుగుకీ, తర్వాత అయిదడుగులకోసారి, ఆపైన ఒక చుట్టు నడిచాక మాత్రమే చెప్పాలి. చెప్పే ముందు అడగాలి: ‘ఇప్పుడు పాదం ఎలా పడిందనుకుంటున్నారు?’ ఆ జవాబూ యంత్రం చూపిన అంకె దగ్గరపడుతున్నాయంటే యంత్రం పని అయిపోవచ్చిందని అర్థం. ఇంట్లోవాళ్ళు చేసే తప్పు కూడా ఇక్కడే. తల్లి నడుస్తుంటే కొడుకు ఒక పక్క, కోడలు ఒక పక్క, ‘కాలెత్తమ్మా, కాలెత్తు, చూసుకో, వంగకు’ అని ఊపిరి సలపకుండా చెబుతారు. ప్రేమతోనే. కాని ఆవిడ బుర్ర నడక మీద పెట్టాలా, వీళ్ళ మాటల మీద పెట్టాలా?

ఇప్పుడు ఈ చర్చలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. దానికి యంత్రమే లేదు. బ్రూస్ డాబ్కిన్ బృందం 2010లో అనేక దేశాల్లోని 18 కేంద్రాల్లో 179 మంది ఇన్‌పేషెంట్లతో చేసింది. సగంమందికి రోజూ ఒకసారి పది మీటర్లు నడిపించి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, ‘నిన్నటికంటే ఇంత మెరుగు, బాగా చేశారు’ అని చెప్పారు. మిగతా సగానికి ఆ కొలతా లేదు, ఆ మాటా లేదు. డిశ్చార్జి నాటికి మొదటి జట్టు సెకనుకు 0.91 మీటర్లు, రెండో జట్టు 0.72 మీటర్లు నడిచింది. అంటే పది మీటర్లకు 11 సెకన్లు ఒకరు, 14 సెకన్లు ఒకరు. పునరావాస వైద్యంలో సెకనుకు 0.4 మీటర్లకు లోపు అయితే ఇంట్లో తిరగడానికే సరిపోయే నడక అనీ, 0.8 దాటితే బయట స్వేచ్ఛగా తిరగగల నడక అనీ 1995 నుంచి ఒక వాడుక కొలత ఉంది. రోజూ చెప్పిన ఒక్క అంకె ఒక జట్టును ఆ గీతకు అవతల నిలబెట్టింది. ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం దాని వల్ల తగ్గలేదు. ఇదీ బయోఫీడ్‌బ్యాకేనా అని శాస్త్రం పట్టుకుని వాదించేవాళ్ళు ఉంటారు. ఒంటి పనిని కొలిచి ఒంటికి తిరిగి చెప్పడమే కదా చేసింది. నా లెక్కలో ఇది దానికి అన్నగారు.

అదే బృందం అయిదేళ్ళ తర్వాత ఇంకా అధునాతనంగా చేసింది. 135 మందికి చీలమండల దగ్గర సెన్సర్లు కట్టి, రోజంతా ఎంత నడిచారో గ్రాఫులతో చూపించింది. ఉత్త వేగం చెప్పినదానికంటే అదనపు లాభం ఏమీ రాలేదు. బయటపడ్డ ఇంకో సంగతి మాత్రం మనల్ని నిలదీసేది: పునరావాస కేంద్రంలో, చికిత్స కోసమే ఉన్న రోగులు, రోజు మొత్తం మీద నడుస్తున్నది సగటున పావుగంట. మన ఇళ్ళలో అది ఇంకెంత ఉంటుంది? ‘కూర్చోండి, మంచినీళ్ళు నేను తెస్తాను’ అనే ప్రతిసారీ అందులోంచి నాలుగడుగులు పోతాయి.

ఖరీదైన యంత్రాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2011లో అమెరికాలో 408 మందితో జరిగిన లీప్స్ ప్రయోగంలో, బరువు మోసే పట్టీలతో ట్రెడ్‌మిల్ శిక్షణ ఒక వైపు, ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి చేయించిన మామూలు వ్యాయామం ఇంకో వైపు. ఏడాది తర్వాత 52 శాతం మంది నడకలో ఒక మెట్టు పైకెక్కారు, రెండు వైపులా తేడా లేకుండా.

ఇక కనకాలపేట. యానాంలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. జిప్మర్ వారి 90 పడకల మల్టీ స్పెషాలిటీ యూనిట్‌ను 2024 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. పెద్ద ఆసుపత్రి, రంగరాయ మెడికల్ కాలేజీ కాకినాడలో, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో. దూరం పెద్దది కాదని అనిపిస్తుంది. బస్మాజియన్ మోతాదు పెట్టి లెక్కేసి చూడండి: వారానికి మూడుసార్లు, ఐదు వారాలు, రానూపోనూ 60 కిలోమీటర్లు. మొత్తం 900. యానాం నుంచి రాజధాని పుదుచ్చేరికి ఎంత దూరమో ఇంచుమించు అంత! అదీ కాలు లాగుతున్న మనిషి, వెంట పని మానుకున్న ఇంకొకరు, ఎక్కీ దిగీ. మూడో వారానికి ఎందుకు మానేస్తారో దీంతో తెలుస్తుంది. మానేసినవాళ్ళను పావురం రక్తం పూసేవాళ్ళూ, చిత్తూరు జిల్లా విరూపాక్షపురం మందుకు బండి మాట్లాడిపెట్టేవాళ్ళూ ఎదురుచూస్తూనే ఉంటారు. నాటుమందుకు వెళ్ళినవాళ్ళను ఎగతాళి చేయడం నాకు నచ్చదు. వాళ్ళు వెతికేది తమకు ఎవరో ఒకరు ఏదో చేస్తున్నారన్న భరోసా. కాకపోతే ఆ ప్రయాణానికి పోయే వారాలు తరచు ఆ మొదటి 11 వారాల్లోవే.

కాబట్టి పేటలోనే, ఇంటి దగ్గరే సాధ్యమయ్యేది ఏమిటని చూడాలి. వసారాలోనో ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీదో పది మీటర్లు కొలిచి, సుద్దతో రెండు గీతలు. ఆగడానికీ బయల్దేరడానికీ ఆ గీతలకు అటూ ఇటూ రెండేసి మీటర్లు వదలాలి, లేకపోతే కొలత తప్పుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది. రోజుకొకసారి, ఒకే వేళకు, సెకన్లు క్యాలెండర్ మీదే రాస్తే చాలు. 25 సెకన్లయితే ఇంటి నడక, పన్నెండున్నరకు దిగితే వీధి నడక. బరువు చూసుకునే మిషన్లు రెండు పక్కపక్కన పెట్టి, ఒక్కో కాలు ఒక్కోదాని మీద ఉంచి, ఎదురుగా పట్టుకోవడానికి కిటికీ చువ్వ ఉండేలా నిలబెడితే, 60 కిలోల మనిషి మంచి కాలి మీద 42, రెండో కాలి మీద 18 వేస్తున్నాడని ముళ్ళు చూపించవచ్చు. ఆ 18 ఇరవై నాలుగైతే ఇల్లంతా సంబరపడుతుంది. అయితే విన్‌స్టీన్ పాఠం గుర్తుంచుకోవాలి: బరువు సమంగా పడటం వచ్చాక మిషన్లు పక్కన పెట్టి అడుగు ముందుకు వేయించాలి. అక్కడే ఆగిపోతే నిలబడడమే మిగులుతుంది. ఫోన్‌లో పక్కనుంచి స్లో మోషన్ వీడియో తీస్తే మడమ ముందు పడుతోందా, వేళ్ళు ముందు పడుతున్నాయా అన్నది ఏ సెన్సరూ లేకుండా కనబడుతుంది. చూపించేది ఆ మనిషికే, అదీ నడక అయ్యాక.

టక్ టక్ మనే మెట్రోనోమ్ యాప్ ఇంకో సాధనం. తాళానికి అడుగు వేయించే పద్ధతి మీద మైకేల్ థౌట్ 2007లో 78 మందితో చేసిన ప్రయోగంలో, మూడు వారాల్లో వేగం, అడుగు పొడవు, రెండు కాళ్ళ సమానత మామూలు శిక్షణకంటే మెరుగయ్యాయి. అది చేసినదాన్ని తిరిగి చెప్పే ఫీడ్‌బ్యాక్ కాదు, చేయబోయేదానికి ముందే ఇచ్చే తాళం. రెండూ కలిపి వాడవచ్చు.

అందరికీ ఒకే దారి పనికిరాదు. మెదడు కుడి భాగం దెబ్బతిని ఎడమ వైపు ప్రపంచమే లేనట్టు ప్రవర్తించేవాళ్ళకి తెర మీద ఎడమ గీత చూపించి లాభం లేదు. శబ్దం కావాలి, అదీ సరైన వైపు నుంచి. మాట పోయినవాళ్ళకి, మాట అర్థం కానివాళ్ళకి, నోటితో చెప్పే సూచనకంటే బీప్ శబ్దమో ముల్లో సులువు. షుగరు వల్ల అంతకుముందే పాదాలు మొద్దుబారినవాళ్ళకి బయటి కబురు అవసరం ఇంకా ఎక్కువ. నిలబడితే బీపీ పడిపోయేవాళ్ళు, గుండె సంగతి తేలనివాళ్ళు డాక్టర్ని అడగకుండా గడియారంతో పోటీ పెట్టుకోకూడదు. నడిపించేవాళ్ళు పడిపోయిన వైపున, అరడుగు వెనకగా ఉండి, నడుముకు గట్టిగా చుట్టిన తువ్వాలు పట్టుకోవాలి. చెయ్యి పట్టి లాగితే భుజం జారుతుంది. హవాయి చెప్పులు తీసేసి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనాలి. ఇది బయోఫీడ్‌బ్యాక్ కాదు గాని, ఏ సెన్సరుకన్నా ముందు కావలసింది.

అయితే ఇదంతా ఇంట్లోవాళ్ళకి అప్పగించి చేతులు దులుపుకోవచ్చా? దానికి జవాబు మన దేశం నుంచే వచ్చింది. అటెండ్ ప్రయోగంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగుల కుటుంబసభ్యుల్లో సగంమందికి, ఇంట్లో పునరావాసం ఎలా చేయించాలో నేర్పించి పంపారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్ళూ, పరాధీనంగా మిగిలినవాళ్ళూ కలిపి రెండు జట్లలోనూ 47 శాతమే. దీన్ని చూపి, ఇంట్లో చేయించడం దండగన్నవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. డాబ్కిన్ రోగికి రోజూ ఒక అంకె, దాన్ని చెప్పే శిక్షణ ఉన్న మనిషి దొరికారు. లీప్స్‌లో ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు వ్యాయామాన్ని క్రమంగా కష్టతరం చేస్తూ పోయాడు. ఆసుపత్రి నుంచి పాఠం నేర్చుకుని వచ్చిన కోడలికి, మూడో వారంలో ఏం మార్చాలో చెప్పేవాళ్ళు లేరు. హద్దును జరిపే చెయ్యి లేకపోతే ఏ ఫీడ్‌బ్యాకూ ముందుకు సాగదు. వారానికోసారి అయినా వచ్చి, క్యాలెండర్ మీది సెకన్లు చూసి, వీడియో చూసి, ‘ఇక మడమ సంగతి వదిలేయండి, పిక్కతో తన్నడం మొదలుపెడదాం’ అని చెప్పగల ఫిజియోథెరపిస్టు కావాలి. యానాం 30 చదరపు కిలోమీటర్ల ప్రాంతం; స్కూటర్ ఉన్న ఒక మనిషి ఒక్కరోజులో చుట్టి రాగలంత. కేంద్రపాలిత ప్రాంతంలో ఇలాంటి నియామకానికి ఫైలు ఎంత దూరం ప్రయాణించాలో ఆ ఊరివాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పుకున్న ప్రయోగాల్లో నడకను ఎక్కువగా కొలిచింది నున్నటి ఆసుపత్రి వరండాలోనో ట్రెడ్‌మిల్ మీదో. కనకాలపేటలో నడక మొదలయ్యేది గుమ్మం దగ్గర, ఆ తర్వాత అరుగు మెట్లు, మురుగుకాలవ మీద పలక, వెనక నుంచి హారన్ కొట్టే ఆటో, ఎవరో పలకరిస్తే జవాబు చెబుతూనే వేయవలసిన అడుగు. మాట్లాడుతూ నడిస్తే వేగం ఎంత పడిపోతుందన్నది విడిగా కొలవాలి. పది మీటర్లకు పన్నెండు సెకన్లు వచ్చిన రోజున ఫిజియోథెరపిస్టు సుద్దగీతలు వదిలి ఆ మనిషిని గుమ్మం దాటించి, కిళ్ళీ కొట్టు దాకా పక్కనే నడుస్తూ, ఉద్యోగం సంగతో మనవల సంగతో అడుగుతూ, మళ్ళీ స్టాప్‌వాచ్ నొక్కాలి.